ఎగువన తవ్విన గొయ్యి

దోనె ఎక్కే ముందు పారెహుయా వంగి, కుడి చేతి మూడు వేళ్ళు నదిలో ముంచి నుదుటికి రాసుకుంటుంది. ఆ తడి ఆరేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ఒడ్డున బడికి వెళ్ళే పిల్లలున్నా, గొర్రెల ఆసామి ఉన్నా, పాదిరిగారే ఉన్నా, నిలబడి ఎదురుచూడాల్సిందే. ఆరాక ఒక్క మాట అంటుంది.

"దాటొచ్చు."

లేదంటే, "ఇవాళ వద్దు."

వద్దన్న రోజు ఎందుకని ఎవరూ అడగరు. పట్నం నుంచి వచ్చిన సర్వేయరు ఒకడు అడిగాడు. నవ్వి, తన పడవ తనే దింపుకున్నాడు. అతని టోపీ రెండు మలుపుల కింద విల్లో కొమ్మకు దొరికింది. అతను ఇంకా కింద దొరికాడు.

వాంగనూయి నదికి అక్కడ రోడ్డు అవతలి ఒడ్డున ఉంది. ఇళ్ళు, ఊరంతా కూడే మరాయె మండపం, సమాధుల గుట్ట ఇవతల. రెంటికీ నడుమ పారెహుయా. ఆమె తండ్రి కూడా దాటించినవాడే. పోయే ముందు ఆయన ఇద్దరు బిడ్డలకూ చెరొక కర్ర ఇచ్చాడు. కూతురికి దోనె నడిపే గడ. కొడుకు తూరేయికి మరాయె ముంగిట నిలబడి మాట్లాడేవాళ్ళు పట్టుకునే చేతికర్ర. ఊరివాళ్ళు ఇద్దరి మాటా నమ్మేవారు. అక్క మాట ఒకటే ఉండేది కనుక. తమ్ముడి మాటలు వినసొంపుగా ఉండేవి కనుక.

తమ్ముడు మాట్లాడాక అక్క లేచి అతని వెనక నిలబడి పాట ఎత్తేది. అక్కడి పద్ధతి అది. మగవాడి మాటకు ఆడవాళ్ళ పాట తోడు. మాట దారి తప్పితే అదే పాట మధ్యలో ఎత్తి అతన్ని కూర్చోబెట్టేయవచ్చు. పారెహుయా రెండు మూడుసార్లు ఆ పని చేసింది. తూరేయి మొహం ముడుచుకుని కూర్చునేవాడు. సాయంత్రం అక్క ఇంటికి వచ్చి టీ తాగుతూ, "ఇంకొక్క వాక్యం ఉండెనే అక్కా, మంచిది," అనేవాడు.

"ఆ ఒక్కటి నీకు ఎక్కువరా," అనేది.

ఆమె భర్త వాతెనె దిగువవాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాతో ఒక చలికాలం ఎగువకు వచ్చాడు. నది దాటాలని ఒడ్డున నిలబడ్డాడు. ఆమె నుదుటి తడి ఆరుతుండగా నోరు తెరిచి, "ఎంతసేపమ్మాయ్?" అన్నాడు. ఆమె పలకలేదు. దోనెలో అతను ముందు కొనన, వెళ్ళే వైపుకు వీపు పెట్టి, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఈత రాదు, నీళ్ళు చూస్తే భయం అన్నాడు. నలభై ఏళ్ళు అలాగే కూర్చున్నాడు. ఎటు పోతున్నాడో ఏనాడూ చూడలేదు. ఆమెను చూసేవాడు.

అతను ఎగువనే ఉండిపోయాడు. కంచెలు వేశాడు, దుంపలు పండించాడు. పిల్లలు కలగలేదు. సమాధుల గుట్ట మీద ఆమె తల్లిదండ్రుల పక్కన రెండు చోట్లు ఖాళీగా ఉండేవి. గడ్డి కోసేటప్పుడు వాతెనె ఆ రెంటినీ కూడా కోసేవాడు. "ఎండ తగిలే వైపు నాది. నీకు ఎలాగూ చలి తెలియదు," అనేవాడు.

ఆ జూలైలో, అక్కడి చలికాలం నడుమ, అతను పట్నం ఆసుపత్రిలో పోయాడు. మరాయెకు తెచ్చి పెట్టె తెరిచి ఉంచారు. పారెహుయా దుఃఖానికి గుర్తుగా తలకు పచ్చాకు చుట్టుకుని పెట్టె పక్కన చాప మీద కూర్చుంది. ఆ రోజుల్లో ఆమె వంట ముట్టకూడదు, ముంగిట జరిగే మాటల్లో నోరు విప్పకూడదు. ఏడవడం ఒక్కటే ఆమె పని.

రెండో రోజు మధ్యాహ్నం దిగువవాళ్ళు బస్సులో దిగారు. రాకపోతేనే అవమానం. పోయినవాడి కోసం పుట్టిన చోటు నుంచి మనుషులు వచ్చి, మావాణ్ణి మాకివ్వమని గొడవ పడాలి. ఇక్కడివాళ్ళు ఇవ్వం పొమ్మనాలి. ఎంత గట్టిగా తిట్టుకుంటే పోయినవాడికి అంత గౌరవం. చివరికి వచ్చినవాళ్ళు తగ్గి, సరే ఉంచుకోండి అని కన్నీళ్ళతో ఒప్పుకుంటారు. తర్వాత అందరూ కలిసి భోజనానికి లేస్తారు.

దిగువ పెద్ద నికోరా బక్కపలచని మనిషి. ముంగిట అటూ ఇటూ నడుస్తూ మొదలుపెట్టాడు.

"దొంగలూ! మావాణ్ణి బొచ్చు కత్తిరించడానికి పంపితే, మీరు వాణ్ణే కత్తిరించుకున్నారు! నలభై ఏళ్ళు చాకిరీ చేయించుకున్నారు. ఎముకలైనా ఇవ్వండి!"

ముసలివాళ్ళు తృప్తిగా తలలూపారు. తూరేయి లేచాడు.

"ఇక్కడ తిన్నాడు, ఇక్కడ పడుకున్నాడు, ఇక్కడే పడుకుంటాడు! మీ ఊళ్ళో వాడికి ఏ పొయ్యి రాజేశారు? వాడు ఆసుపత్రిలో ఉంటే మీ ఊరి పొగ కూడా చూడ్డానికి రాలేదు!"

"పొగ ఎగువకే వస్తుందయ్యా, మీ కళ్ళే మూసుకుపోయాయి!"

నవ్వులు లేచాయి. పారెహుయా పచ్చాకు కింద నుంచి వింటోంది. బాగా సాగుతోంది. వాతెనె ఉంటే నవ్వేవాడు.

మూడోసారి లేచినప్పుడు తూరేయి దగ్గర కొత్త మాట లేదు. గొంతు మాత్రం బాగా పలుకుతోంది. కర్ర పైకెత్తాడు.

"మేం పిసినారులం కాదు. మా నాన్న పేరు చెప్పుకుని బతికేవాళ్ళం. ఇదిగో, మా అక్క గుండె కోసి మీ ముందు పెడుతున్నాను..."

వెనక వరసలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాట ఎత్తాల్సిన చోటు అదే. ఎప్పుడూ ఎత్తేది పారెహుయా. ఆమె చాప మీద ఉంది. ఆమె చేయి నేలను రెండుసార్లు తట్టింది. ఎవరూ చూడలేదు.

"...మీ ఒడ్డున వాడికి నిజంగా చోటుంటే, తీసుకెళ్ళండి!"

కర్ర నేలకు కొట్టాడు. అంత పెద్ద మాటకు అవతలివాడు తల వంచి, ఆ మాటే మాకు చాలు, మీరే ఉంచుకోండి అంటాడని అతని లెక్క. వాళ్ళ నాన్న కాలంలో ఒకరు అలా అన్నారని చిన్నప్పుడు విన్నాడు.

ముసలి పిన్నమ్మ ఒకామె అప్పుడు పాట ఎత్తింది. ఆలస్యమైపోయింది.

నికోరా చాలాసేపు నేల చూశాడు. తనవాళ్ళ వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"సరే," అన్నాడు. "తీసుకెళ్తాం."

ముంగిట అన్న మాట వెనక్కి రాదు. తూరేయి కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పారెహుయా పెట్టె అంచు పట్టుకుంది. తమ్ముడి వైపు చూసింది. అతను చూడలేదు.

వాన వచ్చేలా ఉందని గుట్ట మీద గొయ్యి ఆ పొద్దునే తవ్వేశారు. ఎండ తగిలే వైపు.

ఆ రాత్రి వాన పడింది. తెల్లారేసరికి వెలిసింది. గాలి లేదు. చలికాలమన్న మాటే గాని, ఊపిరి పొగ కూడా కట్టడం లేదు. కొండ విరిగి రోడ్డు మీద పడిందని అవతలి ఒడ్డు నుంచి కేక వచ్చింది. బస్సు కదలదు.

"అయితే నది మీద పోదాం," అన్నాడు నికోరా. "మా తాతలంతా అలాగే పోయారు."

అందరూ పారెహుయాను చూశారు. ఆమె ఒక్కతే నీళ్ళ దగ్గరికి దిగింది. నది గోధుమరంగులో, మట్టి నీళ్ళతో, మెత్తగా సాగుతోంది. తూరేయి వెనకే వచ్చాడు. నిద్ర లేని మొహం. ఆమె వంగబోతుంటే మోచేయి పట్టుకున్నాడు.

"అక్కా. వద్దని చెప్పు."

ఆమె చూసింది.

"వాన పడిందిగా. కింద ఉరవడి దగ్గర రాయి మునిగిపోయింది, దోనె పోదు అను. నువ్వంటే ఎవరు కాదంటారు? ఇవాళ పూడ్చకపోతే కుదరదు. గొయ్యి సిద్ధంగా ఉంది. బావ ఇక్కడే ఉంటాడు. ఒక్క మాట అక్కా."

ఆమె మోచేయి విడిపించుకుంది. నీటి గీత చూసింది. గట్టున వాన వదిలిన నురగ గీత నీటికి జానెడు పైన ఉంది. నది తగ్గుతోంది. రాయి తల బయటే ఉండి ఉంటుంది. చూడకపోయినా ఆమెకు తెలుసు.

"నీళ్ళు తగ్గుతున్నాయిరా."

"నాకు తెలీదా! అబద్ధమే చెప్పమంటున్నా. నీ మొగుడి కోసం."

"నా మొగుడి కోసమా, నీ కోసమా?"

"ఇద్దరికీ అనుకో. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నిన్న నువ్వు మాట పారేసుకున్నావు," అంది. "ఇవాళ నన్ను పారేసుకోమంటున్నావు. రేపు నేను వద్దంటే ఆ పిల్లల తల్లులు ఆగుతారా? పారెహుయా అవసరమైతే నది మీద కూడా అబద్ధమాడుతుంది అనరూ?"

"ఎవరికి తెలుస్తుంది?"

ఆమె నది వైపు తిరిగింది. వంగింది. వేళ్ళు ముంచి నుదుటికి రాసుకుంది. ఒడ్డు పైన రెండు ఊళ్ళ జనం నిలబడి ఉన్నారు. తడి ఆరడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

"పోవచ్చు," అంది.

పెద్ద దోనె దింపారు. పెట్టె మధ్యలో పెట్టారు. తల ఎటు ఉండాలో అడిగారు.

"ముందుకి. కాళ్ళు నా వైపు."

అలా ఉంటే అతను లేచి కూర్చుంటే ఆమెకు ఎదురుగా ఉంటాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పెట్టె పక్కన వాతెనె అక్క రీపెకా కూర్చుంది. నడుమ దిగువ కుర్రాళ్ళు తెడ్లు పట్టారు. ముందు కొనన తూరేయి. వెనక పారెహుయా. నికోరా మిగతావాళ్ళతో వెనక ఇంకో పడవలో వచ్చాడు.

కదిలారు. బూడిదరంగు మట్టిరాతి గోడల మీద నుంచి రాత్రి వాన సన్నని ధారలుగా ఇంకా జారుతోంది. మంచు నీటి మీద లేస్తోంది. మోడువారిన పోప్లార్ చెట్లు. జంటగా తిరిగే బాతులు రెండు ముందు ముందుకు ఎగిరి కూర్చుంటున్నాయి, మళ్ళీ ఎగురుతున్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఆమె తెడ్డు పైకెత్తి, ఆ మలుపును కాచే నీటి దేవుణ్ణి పేరు పెట్టి పలకరించింది. ఎవరు పోతున్నారో చెప్పింది. ఎత్తిన తెడ్డు నుంచి నీళ్ళు ఆమె మోకాళ్ళ మీద కారాయి.

రెండో మలుపు దాటాక ఆమె ముక్కు ఎగబీల్చింది.

"వదినా. నోట్లో ఏంటది?"

"దగ్గు బిళ్ళ," అంది రీపెకా.

"శవం ఉన్న దోనెలో తిండా?"

"బిళ్ళ తిండెట్టా అవుద్దే? మందు!"

"మింగు. లేదా దిగు."

"దిగడానికి నేనేమన్నా బాతునా? నలభై ఏళ్ళు నా తమ్ముడికి ఇట్టాగే పెత్తనం చేసుంటావు. పాపం, అందుకే ముందుగా పోయాడు." బిళ్ళ తీసి శాలువా కొసలో కట్టబోయింది. పారెహుయా చూపు చూసి నదిలో ఉమ్మింది. "అదిగో. నీ నదికి దగ్గు తగ్గుద్ది."

కుర్రాళ్ళు నవ్వు ఆపుకున్నారు. పారెహుయా పెదవి కదిలింది. ఆ పూటంతటిలో అదొక్కటే.

నీరు పలచబడ్డ చోట పాత గుంజల మొదళ్ళు వరసగా కనబడ్డాయి. పిహరౌ చేపల కోసం తాతలు పాతిన అడ్డుకట్టలు. ఆవిరి పడవలకు దారి కావాలని ఒకప్పుడు వాటిని పీకేశారు. ఆవిరి పడవలూ పోయాయి. మొదళ్ళు మిగిలాయి. పాములాంటి ఆ చేప ఈ నెలలోనే ఎగువకు ఎక్కుతుంది. ఆసుపత్రిలో వాతెనె దాన్ని అడిగాడు. ఆసుపత్రి కూడు సహించడం లేదన్నాడు. వచ్చే వారం తెస్తానంది.

రీపెకా చాలాసేపు పెట్టె మూత మీద చేయి వేసి కూర్చుంది. తర్వాత ముందుకు వంగింది. గొంతు తగ్గించింది గాని ఆ నీళ్ళ మీద మాట దాగదు.

"పిల్లా. ఒకటి చెప్తా, కోప్పడకు."

"చెప్పు."

"మేం అడగడానికే వచ్చాం. తీసుకెళ్ళడానికి కాదు."

తెడ్లు నీళ్ళలో పడ్డాయి, లేచాయి.

"మాకక్కడ చోటు కూడా చూసిపెట్టలేదు. బస్సులో నికోరా అన్నాడు, గట్టిగా తిడదాం, సాయంత్రం పిహరౌ పెడతారు తిని పోదాం అని. మీ తమ్ముడు అంత మాట అన్నాడు. జనం ముందు. అక్కర్లేదంటే ఏమవుద్ది? మావాడు మాకు అక్కర్లేదన్నట్టు కాదూ? ముసలాడు రాత్రంతా కూర్చునే ఉన్నాడు. నిద్ర పోలా."

ముందు కొనన తూరేయి తెడ్డు ఆగింది. నీళ్ళలోనే ఆగిపోయింది. దోనె ముక్కు పక్కకు తిరగసాగింది.

"లాగు," అంది పారెహుయా.

అతను లాగలేదు. తల తిప్పాడు. "అక్కా, విన్నావా? వాళ్ళకీ వద్దు. వెనక్కి తిప్పు. నేను నికోరాతో మాట్లాడతా. అందరి ముందూ మోకాళ్ళ మీద..."

"మాట్లాడావుగా."

"అక్కా!"

"దిగువన కేక వెళ్ళింది. ఈపాటికి గొయ్యి తవ్వుతుంటారు. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఉంటారు. ఇప్పుడు తిప్పితే వాణ్ణి ఇద్దరూ వద్దన్నట్టు అవుద్ది. వాడు ఊళ్ళమ్మట తిరిగే సరుకు కాదు." ఆమె తెడ్డును అడ్డంగా బిగించి దోనె ముక్కు సరిచేసింది. "రీపెకా వదినా, ఈ మాట చెప్పకపోయినా బాగుండేది."

"నా దగ్గరుంటే నన్ను తినేస్తది," అంది రీపెకా.

"ఇప్పుడు నన్ను తింటుంది."

ఉరవడి వచ్చింది. రాయి తల బయటే ఉంది. దాని పక్కన నీరు నున్నగా, నాలుకలా సాగి ఉంది. ఆమె ఆ నాలుక మీదకే దోనెను వదిలింది. పెట్టె మీద ఒక చుక్క పడలేదు.

దిగువ ఒడ్డున ఆడవాళ్ళు స్వాగతం పలికే పిలుపు ఎత్తారు. గొంతులు బాగున్నాయి. మధ్యాహ్నానికి అతన్ని పూడ్చారు. కొండ నీడ పడే చోటు. నికోరా మాట్లాడాడు, సగంలో ఆపేశాడు. తర్వాత అందరితోపాటు ఆమె కూర్చుని తింది. తినాలి. తినకపోతే పోయినవాణ్ణి వదలలేదని అర్థం.

భోజనాలు అయ్యేసరికి రోడ్డు మీద మట్టి తీసేశారని కబురు వచ్చింది.

పెద్ద దోనె దిగువనే వదిలి, ఎగువ నుంచి దిగి వచ్చిన అదే బస్సులో తిరిగి ఎగువకు వచ్చారు. సాయంత్రం తూరేయి తన చిన్న పడవలో ఆమెను దాటించాడు. ఆమె ముందు కొనన కూర్చుంది, వెళ్ళే వైపుకు తిరిగి. అతనికి ఆమె వీపు కనబడింది. దాటుతున్నంతసేపూ అతను ఏదో అనబోయాడు. ఒడ్డు వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె నీళ్ళ దగ్గరికి వచ్చింది. వంగింది. వేళ్ళు ముంచలేదు. ఒక సీసా ముంచి నింపుకుంది. బడి పిల్లలు నిలబడి ఉన్నారు. "ఇవాళ మా తమ్ముడి కొడుకు దాటిస్తాడు. నీళ్ళు బాగానే ఉన్నాయి," అంది. గుట్ట ఎక్కింది.

తూరేయి అప్పటికే అక్కడ ఉన్నాడు. ఖాళీ గొయ్యి తెరిచి ఉంచితే అది ఇంకొకరి కోసం చూస్తుందని అక్కడి భయం. అతను పారతో పూడుస్తున్నాడు. అడుగున వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. మట్టి పడ్డప్పుడల్లా చప్పుడు వస్తోంది. అతని కర్ర గడ్డిలో పడి ఉంది. ఆమె ఇంకో పార తీసుకుంది. ఇద్దరూ మాట్లాడకుండా పూడ్చారు. ఎండ ఆ వైపే పడుతోంది. మట్టి చాల్లేదు. మొన్న రాత్రి వానకు కొంత కొట్టుకుపోయింది. గుంట పడ్డట్టుగా మిగిలింది.

గేటు దగ్గరికి వచ్చారు. సమాధుల దగ్గర నుంచి వచ్చేవాళ్ళు చేతులు కడుక్కోకుండా బయట అడుగు పెట్టరు. పారెహుయా సీసా మూత తీసింది. తన చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, నెమ్మదిగా. తూరేయి మట్టి చేతులు రెండూ దోసిలి పట్టి నిలబడ్డాడు.

ఆమె సీసాలో మిగిలిన నీళ్ళు గడ్డి మీద పారబోసింది. ఖాళీ సీసా గేటు స్తంభం మీద పెట్టి, గుట్ట దిగిపోయింది.